చెరోకీల తరలింపు తర్వాత జరిగిన హత్యలు: రిడ్జ్ వర్గం నిజంగా ద్రోహులేనా?

వేణు_బెంటన్‌విల్

అందరికీ నమస్కారం. మేము ఆర్కన్సాలో బెంటన్‌విల్‌లో ఉంటాం. పోయిన శనివారం పిల్లల్ని తీసుకుని ఓక్లహోమాలోని తాలెక్వా వెళ్ళాం. కారులో దాదాపు గంటన్నర. అమెరికా ఆదివాసుల్లో ఒక జాతి అయిన చెరోకీలకు సొంత ప్రభుత్వం ఉంది, దాన్ని చెరోకీ నేషన్ అంటారు. దానికి అదే రాజధాని. వీధుల పేర్లు కూడా ఇంగ్లీషుతో పాటు చెరోకీ లిపిలో ఉంటాయి.

'కన్నీటి బాట' గురించి నాకు పైపైన తెలుసు. 1838లో అమెరికా సైన్యం చెరోకీలను జార్జియా, టెనెసీ వైపు నుంచి తరిమి ఇక్కడికి పంపింది, దారిలో వేల మంది చనిపోయారు. అంతవరకే. ఆ బాట ముగిసిన మూడు నెలలకే వాళ్ళ పెద్ద నాయకులు ముగ్గురిని వాళ్ళవాళ్ళే ఒకే రోజు చంపేశారని అక్కడి మ్యూజియంలో చదివేదాకా తెలియదు. 1839 జూన్ 22. మేజర్ రిడ్జ్, ఆయన కొడుకు జాన్ రిడ్జ్, ఇంకొకరు ఎలియాస్ బూడినాట్.

ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి అడిగింది: "అంత కష్టపడి వచ్చి, మళ్ళీ వాళ్ళలో వాళ్ళే ఎందుకు చంపుకున్నారు నాన్నా?" నా దగ్గర సమాధానం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతపుస్తకం

వేణు గారూ, మీ అమ్మాయి అడిగింది అసలు ప్రశ్న. కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1820ల చివర్లో జార్జియాలో చెరోకీల నేల మీద బంగారం దొరికింది. అప్పటికే ఆ భూమి మీద కన్నేసిన జార్జియా ప్రభుత్వం ఇంక ఆగలేదు. 1830లో ఆండ్రూ జాక్సన్ తరలింపు చట్టం తెచ్చాడు. చెరోకీలు కోర్టుకు వెళ్ళారు. 1832లో వూస్టర్ కేసులో సుప్రీంకోర్టు వాళ్ళ పక్షానే తీర్పు ఇచ్చింది. చెరోకీల నేల మీద జార్జియా చట్టాలు చెల్లవంది. ఆ తీర్పును అమలు చేస్తారా అని జాన్ రిడ్జ్ వాషింగ్టన్‌లో జాక్సన్‌నే నేరుగా అడిగాడు. లేదన్నాడు. జాన్ రిడ్జ్ మనసు విరిగింది అక్కడే అని నా అభిప్రాయం. కోర్టులో గెలిచి కూడా ఓడిపోయినవాడు ఇంక ఎవరి దగ్గరికి వెళ్తాడు?

అదే ఏడాది జార్జియా లాటరీ పెట్టి చెరోకీల పొలాలు, ఇళ్ళు తెల్లవాళ్ళకు పంచింది. ప్రధాన నాయకుడు జాన్ రాస్ ఇల్లు కూడా అలాగే పోయింది. ఆయన టెనెసీ వైపు రెడ్ క్లేకి వెళ్ళి ఉన్నాడు.

ఇక్కడే దారులు వేరయ్యాయి. ఎలాగూ వెళ్ళగొడతారు, ఇప్పుడే మంచి బేరం కుదుర్చుకుని జాతిని బతికించుకుందాం అన్నారు రిడ్జ్‌లు, బూడినాట్, బూడినాట్ తమ్ముడు స్టాండ్ వాటీ. చివరిదాకా కదలొద్దు అన్నాడు రాస్. ఎక్కువమంది ప్రజలు రాస్ వెంటే ఉన్నారు.

1835 డిసెంబర్ 29న న్యూ ఎకోటాలో, బూడినాట్ ఇంట్లో, రిడ్జ్ వర్గం అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. మిసిసిపీకి తూర్పున ఉన్న భూమంతా వదిలేస్తే 50 లక్షల డాలర్లు, పడమట వేరే భూమి. చెరోకీల జాతీయ మండలి ఒప్పుకోలేదు. రాస్ సంతకం లేదు. ఒప్పందాన్ని రద్దు చేయమని 15 వేలకు పైగా పేర్లతో అర్జీ వెళ్ళింది. అయినా 1836లో అమెరికా సెనేట్ ఆమోదించింది, 31కి 15. కావలసిన మూడింట రెండొంతులకు సరిగ్గా సరిపోయింది, ఒక్క ఓటు అటు మారినా ఆగిపోయేది. ఆ ఒక్క ఓటు గురించి చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

నల్లమల

పాతపుస్తకం గారు మెత్తగా చెప్పారు. నేను సూటిగా చెబుతాను. 1835 జనాభా లెక్కలో తూర్పున ఉన్న చెరోకీలు 16 వేల పైచిలుకు. న్యూ ఎకోటాకు వచ్చింది కొన్ని వందల మంది. ఊరంతా వద్దంటుంటే నలుగురు కూర్చుని ఊరిని అమ్మేస్తే దాన్ని ద్రోహం అనక ఏమంటారు?

ఇంకోటి. ఒప్పందం కుదిర్చినవాళ్ళు 1837లోనే ముందుగా బయల్దేరి వచ్చి హనీ క్రీక్ దగ్గర పొలాలు, కొట్టు పెట్టుకుని స్థిరపడ్డారు. మిగతావాళ్ళను 1838 వేసవిలో జనరల్ స్కాట్ సైనికులు ఇళ్ళలోంచి లాక్కొచ్చి దడులు కట్టిన శిబిరాల్లో పెట్టారు. తర్వాత చలికాలంలో నడిపించారు. మిసిసిపీ నదిలో మంచుగడ్డలు వస్తుంటే ఒడ్డున ఆగిపోయినవాళ్ళు ఉన్నారు. మొత్తం మీద నాలుగు వేల మంది దాకా పోయారని అంచనా. రాస్ భార్య క్వాటీ కూడా లిటిల్ రాక్ దగ్గర చనిపోయింది. బిడ్డల్ని దారిలో పూడ్చిపెట్టి 1839 మార్చిలో ఇక్కడికి చేరినవాడికి రిడ్జ్ కొట్టు కనిపిస్తే ఎలా ఉంటుంది? ఆ కోపం నాకు అర్థమవుతుంది.

చిన్ని_ఎంఏ_హిస్టరీ

నల్లమల గారూ, ఒక డౌట్. కోపమే కారణమైతే మార్చిలోనే చంపేసేవాళ్ళు కదా? జూన్ 22 దాకా ఎందుకు ఆగారు?

పాతపుస్తకం

చిన్నీ, మంచి ప్రశ్న అమ్మా. మధ్యలో మూడో వర్గం ఉంది. దాన్ని అందరూ మర్చిపోతారు.

వాళ్ళను 'పాత కాపురస్తులు' అనుకుందాం. వీళ్ళు అంతకు చాలా ముందే, 1810ల నుంచే, తమంతట తాము ఆర్కన్సా వైపు వచ్చి, 1828 ఒప్పందం తర్వాత ఇప్పటి ఓక్లహోమాలోకి మారిన చెరోకీలు. కొన్ని వేల మంది. వాళ్ళకు సొంత నాయకులు, సొంత చట్టాలు ఉన్నాయి. జాన్ బ్రౌన్, జాన్ లూనీ, జాన్ రోజర్స్ వాళ్ళ పెద్దలు. ఒక్కసారిగా పన్నెండు, పదమూడు వేల మంది కొత్తవాళ్ళు వచ్చి పడ్డారు. 'మా ఊరికి వచ్చారు, మా ప్రభుత్వం కింద ఉండండి' అన్నారు పాతవాళ్ళు. 'మేమే ఎక్కువ, మాకు రాజ్యాంగం ఉంది, దాన్ని వదలం' అన్నాడు రాస్.

1839 జూన్‌లో టకటోకా అనే చోట దాదాపు మూడు వారాలు పెద్ద సభ జరిగింది. ఏమీ తేలలేదు. ఆ సభకు రిడ్జ్‌లు, బూడినాట్, వాటీ వచ్చి కొద్దిసేపుండి వెళ్ళిపోయారు. పాతవాళ్ళ చెవిలో ఊది సభను చెడగొట్టింది వీళ్ళేనని రాస్ వైపువాళ్ళు అనుకున్నారు. సభ విడిపోగానే కొందరు రహస్యంగా కలుసుకున్నారు. చీట్లు తీశారు. గుర్తు ఉన్న చీటీ వచ్చినవాడు చంపడానికి వెళ్ళాలి. మర్నాడే మూడు చోట్ల మూడు హత్యలు.

ఇది రాస్‌కు తెలుసా? ఆయన కొడుకు ఆలెన్ రాస్ చాలా ఏళ్ళ తర్వాత చెప్పిన మాట ఉంది. తండ్రికి తెలియనివ్వకుండా ఆయన దగ్గరే ఉండమని తనకు పని అప్పగించారట. నేను నమ్ముతాను. కానీ చంపినవాళ్ళను పట్టి ఇమ్మని ఫోర్ట్ గిబ్సన్ నుంచి సైన్యాధికారి అడిగితే రాస్ ఇవ్వలేదు. అదీ నిజమే.

కృష్ణలంక_లాయర్

ఈ చర్చ చూసి ఆగలేక రాస్తున్నాను. వృత్తిరీత్యా నాకు ముందు కనపడేది చట్టం.

మండలి అనుమతి లేకుండా జాతి భూమి అమ్మితే మరణశిక్ష. ఇది చెరోకీల పాత కట్టుబాటు. 1829లో జాతీయ మండలి దాన్ని రాతలో పెట్టింది. అది రాతలోకి రావడంలో రిడ్జ్‌ల హస్తం ఉంది. అంతకన్నా ముందు, 1807లో, భూముల ఒప్పందాల్లో లంచం తిన్నాడని డబుల్‌హెడ్ అనే నాయకుణ్ణి చంపినవాళ్ళలో మేజర్ రిడ్జ్ స్వయంగా ఉన్నాడు. అంటే న్యూ ఎకోటాలో సంతకం పెట్టేటప్పుడు దాని ధర ఏమిటో ఆ గదిలో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. నా మరణశాసనం మీద సంతకం పెట్టాను అని ఆయన అన్నట్టు చెబుతారు.

ఇక అసలు పాయింట్. ఆ 1829 చట్టాన్ని శ్రద్ధగా చదవండి. అందులో ముందు విచారణ ఉంది. నిందితుడు విచారణకు రాకుండా ఎదిరిస్తేనో, పారిపోతేనో అప్పుడు అతను చట్టం ఇచ్చే రక్షణ కోల్పోతాడు. అప్పుడు ఎవరైనా చంపొచ్చు, అదీ నేషన్ సరిహద్దుల లోపల. ఇక్కడ ముగ్గురినీ ఎవరూ విచారణకు పిలవలేదు. మేజర్ రిడ్జ్‌ని చంపింది ఆర్కన్సా రాష్ట్రంలో, నేషన్ సరిహద్దు అవతల. కాబట్టి 'చట్టప్రకారం శిక్ష' అనే వాదన ఆ చట్టం ముందే నిలబడదు.

రాస్ వర్గం తరఫున చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. బయల్దేరే ముందు, 1838 ఆగస్టులో, అకోహీ శిబిరంలో సభ పెట్టి, తమ రాజ్యాంగం, చట్టాలు తమతోనే పడమటికి వస్తాయని తీర్మానం చేశారు. నేల పోయినా రాజ్యం పోలేదని చెప్పడం అది. ఆ తీర్మానం చాలా గొప్పదని నేననుకుంటాను. కానీ చట్టం వెంట వస్తే విచారణ కూడా వెంట రావాలి కదా.

నల్లమల

లాయర్ గారూ, విచారణ సంగతి నాకు ఇంత వివరంగా తెలియదు. ఒప్పుకుంటున్నాను. కానీ ఎలాంటి విచారణ? జడ్జీలు, పోలీసులు, రికార్డులు అన్నీ తూర్పునే చెల్లాచెదురయ్యాయి. శిబిరాల్లోంచి అప్పుడే బయటపడ్డ జనం. కోర్టు పెట్టే స్థితి ఎక్కడిది? వాళ్ళ మనసులో ఇది పగ కాదు, బాకీ పడ్డ శిక్ష. చెరోకీలకు ఏడు గోత్రాలు. మనలాగే సొంత గోత్రంలో పెళ్ళి చేసుకోరు, కాకపోతే గోత్రం తల్లి నుంచి వస్తుంది. రహస్య సభలో చనిపోవాల్సినవాళ్ళ సొంత గోత్రాలవాళ్ళే తీర్పుకు ఒప్పుకున్నారని చెబుతారు. అలా ఒప్పుకుంటే తర్వాత రక్తానికి రక్తం అడగకూడదు. అది వాళ్ళ పద్ధతిలో విచారణే.

శారద_టల్సా

చట్టం, గోత్రం, తీర్మానం అన్నీ చదివాను. ఆ రోజు ఆ ఇళ్ళలో ఏం జరిగిందో కూడా ఒకసారి రాయనివ్వండి. నేను ఇరవై ఏళ్ళుగా ఈ ప్రాంతంలో ఉంటున్నాను. ఈ కథ నన్ను వదలదు.

తెల్లవారుజామున హనీ క్రీక్‌లో జాన్ రిడ్జ్ ఇంట్లోకి జొరబడ్డారు. తుపాకీ పేలలేదు. మంచం మీంచి లాగి వాకిట్లోకి తెచ్చి కత్తులతో పొడిచారు. భార్య సారా, పిల్లలు చూస్తుండగా. పెద్దకొడుకు జాన్ రోలిన్‌కు పన్నెండేళ్ళు.

పార్క్ హిల్‌లో బూడినాట్ కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు. కొందరు వచ్చి మందులు కావాలన్నారు. అక్కడి క్రైస్తవ మిషన్ మందులు ఆయన చేతిలోనే ఉండేవి. జబ్బు మనుషుల కోసం అడుగుతున్నారనుకుని వాళ్ళతో నడిచాడు. వెనక నుంచి పొడిచి, గొడ్డలితో నరికారు. తన కుడిచెయ్యి నరికేశారని విలపించాడు మిషనరీ వూస్టర్. పైన పాతపుస్తకం గారు చెప్పిన సుప్రీంకోర్టు కేసు ఈయనదే. చెరోకీల కోసం జార్జియా జైల్లో మగ్గిన మనిషి. ఆయన గుర్రం మీద మనిషిని పంపబట్టి స్టాండ్ వాటీ తప్పించుకున్నాడు.

డెబ్బైకి దగ్గరపడిన మేజర్ రిడ్జ్‌ని దారి కాచి కాల్చారు.

బూడినాట్ ఎవరో తెలుసా? 1828లో మొదలైన 'చెరోకీ ఫీనిక్స్' పత్రికకు తొలి సంపాదకుడు. ఆ జాతి మాటను అచ్చులో పెట్టినవాడు. పడమటికి వెళ్ళడం మంచిదనే వాదన కూడా పత్రికలో రావాలని అడిగాడు. రాస్ వద్దన్నాడు. 1832లో బూడినాట్ రాజీనామా చేశాడు. అదే ఏడాది ఎన్నికలు కూడా ఆపేశారు. జార్జియా ఒత్తిడిలో ఎన్నికలు జరపలేని పరిస్థితి నిజమే. కానీ మాట్లాడే చోటు మూసేశాక మనుషులు తలుపులు మూసుకుని మాట్లాడుకుంటారు. న్యూ ఎకోటా ఒప్పందం అలా మూసిన తలుపుల వెనక పుట్టింది. నల్లమల గారూ, రాస్ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ ఒక్క తప్పు ఆయనది.

సారా తన పిల్లల్ని తీసుకుని ఆర్కన్సాలో ఫేయెట్‌విల్‌కు పారిపోయింది. వేణు గారూ, మీకు అరగంట దూరం.

నల్లమల

శారద గారూ, మందుల సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. జబ్బు పేరు చెప్పి పిలవడం ఏ గోత్రం ఒప్పుకున్నా తప్పే. నా 'బాకీ పడ్డ శిక్ష' మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒప్పందం ద్రోహమన్న మాట మీద మాత్రం ఉన్నాను.

వేణు_బెంటన్‌విల్

నేను రోజూ ఆఫీసుకు వెళ్ళే ప్రాంతంలో ఇదంతా జరిగింది. తల తిరుగుతోంది. తర్వాత ఏమైంది? వెంటనే సర్దుకున్నారా?

పాతపుస్తకం

కాగితం మీద వెంటనే సర్దుకున్నారు. మనుషుల్లో ఏడేళ్ళు పట్టింది.

హత్యలైన రెండు వారాలకే రాస్ వర్గం సభ పెట్టి, చంపినవాళ్ళకు క్షమాభిక్ష ఇచ్చింది. ఒప్పందం వర్గం వాళ్ళు, అంటే రిడ్జ్ వైపువాళ్ళు, మాత్రం తప్పు ఒప్పుకోవాలి, అయిదేళ్ళు పదవులకు దూరంగా ఉండాలి. ఈ తేడా చూడండి. జూలై 12న ఐక్యతా చట్టం, సెప్టెంబర్ 6న తాలెక్వాలో కొత్త రాజ్యాంగం వచ్చాయి. పాత కాపురస్తుల్ని ఒప్పించడంలో సెక్వోయా నిలబడ్డాడు. చెరోకీ లిపి తయారుచేసిన ఆ సెక్వోయానే. ఆయన పాత కాపురస్తుడు కాబట్టి ఆయన మాట చెల్లింది.

స్టాండ్ వాటీ మర్చిపోలేదు. మేజర్ రిడ్జ్ ఆయన పెదనాన్న, బూడినాట్ సొంత అన్న. 1842లో మేస్‌విల్‌లో ఒక కొట్టు దగ్గర జేమ్స్ ఫోర్‌మన్ ఎదురుపడ్డాడు. మేజర్ రిడ్జ్‌ని చంపినవాళ్ళలో ఒకడని పేరున్నవాడు. వాటీ అతన్ని చంపాడు. ఆర్కన్సా కోర్టు ఆత్మరక్షణ అని వదిలేసింది. మేస్‌విల్ మీ బెంటన్ కౌంటీలోనిదే వేణు గారూ.

1845 ఆఖర్లో మళ్ళీ మొదలైంది. స్టార్ కుటుంబం వాళ్ళు రాస్ వర్గం మీద దాడులు చేశారు. ప్రతిగా ఒప్పందం మీద సంతకం పెట్టిన జేమ్స్ స్టార్‌ని చంపారు. వాటీ తమ్ముడు థామస్‌నీ చంపారు. వాటీ ఫోర్ట్ వేన్‌లో సాయుధుల్ని పోగేశాడు. భయపడి వందల కుటుంబాలు సరిహద్దు దాటి ఆర్కన్సాలో తలదాచుకున్నాయి. చివరికి అధ్యక్షుడు పోక్ నేషన్‌ను ముక్కలు చేద్దామనే దాకా వచ్చాడు.

ఆ మాటతో అందరూ ఉలిక్కిపడ్డారు. 1846 ఆగస్టు 6న వాషింగ్టన్‌లో మూడు వర్గాలూ కలిసి ఒప్పందం చేసుకున్నాయి. భూమి మొత్తం జాతిదే, విభజన లేదు, అన్ని వర్గాల నేరాలకూ క్షమాభిక్ష. ఒప్పందం వర్గానికి లక్షా 15 వేల డాలర్లు, అందులో మేజర్ రిడ్జ్, జాన్ రిడ్జ్, బూడినాట్ వారసులకు తలా 5 వేలు. రాస్, వాటీ చేతులు కలిపారు.

దాని తర్వాత దాదాపు పదిహేనేళ్ళు ప్రశాంతంగా గడిచాయి. బడులు పెరిగాయి. 1851లో అమ్మాయిలకు, అబ్బాయిలకు వేరువేరుగా రెండు సెమినరీలు (పై చదువుల బడులు) తెరిచారు. ఆ కాలంలో సొంత ఖర్చుతో ఆడపిల్లల కోసం అంత పెద్ద బడి పెట్టిన జాతి అది. దీని గురించి ఎవరూ మాట్లాడరని నాకు బాధ.

వేణు_బెంటన్‌విల్

మరి ఆ చేతులు కలపడం నిలిచిందా? ఇక్కడ పీ రిడ్జ్ యుద్ధ పార్కులో స్టాండ్ వాటీ పేరు చూసిన గుర్తు.

పాతపుస్తకం

నిలవలేదు. అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం రాగానే పాత గాయం తెరుచుకుంది. రాస్ ముందు తటస్థంగా ఉందామన్నాడు. 1861 అక్టోబర్‌లో గత్యంతరం లేక దక్షిణాది వాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు. 1862లో ఉత్తరాది సైన్యం వచ్చాక వాళ్ళతో వెళ్ళిపోయాడు. వాటీ దక్షిణాదివైపే ఉండి, పీ రిడ్జ్‌లో పోరాడి, బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. 1863లో పార్క్ హిల్‌లో రాస్ ఇంటిని తగలబెట్టింది వాటీ మనుషులే. దక్షిణాది జనరల్స్‌లో అందరికంటే ఆఖర్న, 1865 జూన్ 23న లొంగిపోయాడు. యుద్ధం మధ్యలోనే చెరోకీ ఆడవాళ్ళలో మూడింట ఒక వంతు విధవలు, పిల్లల్లో నాలుగో వంతు అనాథలు.

శారద_టల్సా

ఒక మాట చెప్పకుండా ఇది పూర్తి కాదు. రాస్, రిడ్జ్, వాన్ లాంటి పెద్ద కుటుంబాలన్నిటికీ నల్లజాతి బానిసలు ఉండేవారు. 1835 లెక్కలో దాదాపు 1,600 మంది. కన్నీటి బాటలో వాళ్ళూ నడిచారు. సామాన్లు మోసింది, వంట చేసింది వాళ్ళే. 1842లో వెబర్స్ ఫాల్స్ నుంచి కొందరు మెక్సికో వైపు పారిపోబోయి పట్టుబడ్డారు. రెండు వర్గాల గొడవలో వాళ్ళను ఎవరూ అడగలేదు. 1866 ఒప్పందం వాళ్ళకు చెరోకీ పౌరసత్వం ఇచ్చింది. దాన్ని నిలబెట్టుకోవడానికి వాళ్ళ వారసులు 2017 దాకా కోర్టుల చుట్టూ తిరిగారు. ఆ ఏడాది గెలిచారు.

చిన్ని_ఎంఏ_హిస్టరీ

చాలా థాంక్స్ అండీ అందరికీ. జాన్ రిడ్జ్ కొడుకు రోలిన్ ఏమయ్యాడో కూడా చెప్పండి ప్లీజ్. పన్నెండేళ్ళకే అది చూసిన పిల్లవాడు.

శారద_టల్సా

చిన్నీ, 1849లో రాస్ వైపు మనిషితో గొడవపడి అతన్ని చంపి, పారిపోయాడు. కాలిఫోర్నియా వెళ్ళి పత్రికలు నడిపాడు, కవిత్వం రాశాడు. అమెరికా ఆదివాసుల్లో తొలి నవల రాసింది ఆయనే అంటారు. 1867లో అక్కడే చనిపోయాడు. ఇక తిరిగి రాలేదు.

వేణు_బెంటన్‌విల్

నిన్న రాత్రి ఇవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. అంతా విని, "వాళ్ళ సమాధులు ఎక్కడున్నాయి?" అంది. వెతికాను. రాస్‌ది, బూడినాట్‌ది పార్క్ హిల్‌లోనే, రెండు వేరు శ్మశానాలు. మేజర్ రిడ్జ్, జాన్ రిడ్జ్, స్టాండ్ వాటీ ముగ్గురూ డెలావేర్ కౌంటీలో పోల్సన్ శ్మశానంలో ఒక్కచోటే ఉన్నారు. వచ్చే ఆదివారం రెండు చోట్లకూ వెళ్దామంటోంది. శారద గారూ, పోల్సన్‌కి వెళ్ళే దారిలో ఆఖరి కొన్ని మైళ్ళు మట్టిరోడ్డా? మామూలు కారు వెళ్తుందా?

శారద_టల్సా

వేణు గారూ, వాన లేకపోతే వెళ్తుంది. పొద్దున్నే బయల్దేరండి, చీకటి పడకుండా పార్క్ హిల్ చేరొచ్చు. వీలైతే నేనూ అక్కడికి వస్తాను.